శుక్రవారం పన్నెండు గంటల లైను

"నిదానమా? నేనా?"

మైమూనా రిపోర్టును బల్ల మీద కొట్టింది. ఎదురుగా నిలబడిన అహ్మద్ చేతిలో బ్యాగు ఇంకా దించనేలేదు. మాచర్ల సిమెంటు ఫ్యాక్టరీ గేటు గదిలో ఇద్దరూ ముఖాలు చూసుకోవడం అదే మొదటిసారి.

మూడు నెలలుగా గేటు కంప్యూటర్‌కు పాసులు చేరవేసే టెలిఫోన్ లైను పరీక్షించడానికని అతను నరసరావుపేట హెడ్డాఫీసు నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేసేవాడు. పని నిమిషంలో అయ్యేది. మాటలు పావుగంట సాగేవి. ఆ గొంతు కోసం ఆమె అరగంట ముందే వచ్చి కూర్చునేది. ఆ మనిషే ఇప్పుడు "పాసుల ఆలస్యానికి కారణం ఆపరేటర్ నిదానం" అని రాశాడు. మేనేజర్ హనుమంతరావు అది చదివి, సోమవారం నుంచి గేట్ పాసులు చేత్తోనే రాయిస్తానన్నాడు. కంప్యూటర్ పోతే ఆమె ఉద్యోగమూ పోయినట్టే.

"లెక్క వేసే రాశానండీ. అరవై లారీలు. ఇప్పుడున్న 1200 స్పీడు లైనులో పాసుకు నిమిషం. ఎనిమిది గంటల్లో గంట పని. లైను ఖాళీగానే ఉంటుంది కదా!"

"లారీలు మీ లెక్క చూసుకుని ఒకదాని ఎనక ఒకటి వస్తయ్యా? ఇయ్యాల ఏం వారం?"

"శుక్రవారం."

"అయితే ఈ కుర్చీలో కూర్చోండి. లేచారంటే ఊరుకోను!"

పదిన్నరకు రాహుకాలం వచ్చింది. లోడైన లారీలు వరసగా ఆగిపోయాయి. ఒక్క డ్రైవరూ పాసు అడగలేదు.

"చూశారా, ఖాళీనే" అన్నాడు అహ్మద్. ఆమె పళ్లు కొరికింది.

పన్నెండు కొట్టగానే కిటికీ నిండా చేతులే.

"రాహుకాలం పోయింది, పాసియ్యవయ్యా!"

"జుమ్మా నమాజుకు పోవాల భాయ్, తొందరగా కొట్టు!"

తెర మీద అక్షరాలు నత్తల్లా పాకాయి. అహ్మద్ చొక్కా తడిసిపోయింది.

"ఎవడయ్యా ఈ నిదానపోడు?" అని ఎవరో అరిచారు. మైమూనాకు కడుపు చల్లబడింది.

ఆ గోలకు హనుమంతరావు వచ్చాడు. "ఏందయ్యా, మనిషి మారినా ఇంతేనా?"

"తప్పు నాది సార్. రోజంతా కలిపి సగటు చూశా, ఈ అరగంట రద్దీ చూడలేదు. 2400 స్పీడు లైను కావాలి. ఈమె తప్పేం లేదు." తాను రాసిన వాక్యాన్ని ఆయన ముందే కొట్టేసి సంతకం పెట్టాడు.

"అయితే ఆ లైను తెప్పించు. చేతిరాత సంగతి ఆపుతా" అని హనుమంతరావు వెళ్లిపోయాడు.

"కోపం పోయిందా?" అన్నాడు అహ్మద్.

"పోలా! ఫోన్లో అంత తియ్యగా మాట్లాడి, రాసేముందు నన్నొక్క మాట అడిగారా?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరంటే ఇష్టం. అందుకే మీ వైపు మాట్లాడానంటారేమోనని భయపడి, మరీ గట్టిగా రాసేశా."

"ఇష్టమైనోళ్ల పొట్ట కొడతారా ఎవరన్నా?"

అతను తల దించుకున్నాడు. "మా అమ్మను మీ ఇంటికి పంపమంటారా?"

"ఆ లైను వచ్చాక పంపండి. అప్పుడు కూడా శుక్రవారం మాత్రం వద్దు."

సోమవారం పొద్దున్నే ఫోన్ మోగింది.

"మాచర్లా? 2400కు అర్జీ పెట్టేశా. మా అమ్మ అప్పుడే చీర తీసిపెట్టుకుంది. ఇంకా కోపమేనా?"

"కోపమే" అంది మైమూనా. ఫోన్ మాత్రం అరగంట దాకా పెట్టలేదు.