డానీ వేసిన రేపటి ఊరు

ఫ్లెక్సీ విప్పీ విప్పగానే భాగ్యమ్మ గుండెలు బాదుకుంది.

"ఏంది నాయనా ఇది! పొద్దున నా చేతి సంగటి తిన్న పిల్లను ఫొటోలో పెట్టి పూలు చుట్టిస్తివే! నా మనవరాలు బతికే ఉండాది కదా!"

డానీ తలెత్తి చూశాడు. పదకొండు మంది పిల్లలు, పదకొండు గుండ్రటి ఫొటోలు, ఒక్కో దాని చుట్టూ తెల్లటి మల్లెలు, వెనక మబ్బులు, పైన ఎగిరే పావురం. మార్కాపురంలో అతని ఫ్లెక్సీ దుకాణానికి వచ్చే పనిలో సగం 'ప్రభువునందు నిద్రించినవారి'ది, అంటే చనిపోయినవాళ్లదే. ఈ పిల్లల ఫొటోలిచ్చి ఫెబీ దుకాణం నుంచి వెళ్లిపోయాక, ఆమె నవ్వు తలుచుకుంటూ బోర్డర్ వేస్తుంటే చేయి అలవాటుగా ఆ డిజైన్ మీదికే పోయింది.

తప్పంతా ఆ నవ్వుదే అని చెబితే ఇక్కడ వినేవాళ్లెవరు?

ఫెబీది కొనకనమిట్ల దగ్గర ఈ పల్లె. సాయంత్రాలు బడి అరుగు మీద పిల్లలకు కథలు చెబుతుంది. ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. ఊళ్లో వాళ్లు హైదరాబాదు బిల్డింగు పనులకు మూటలు కడుతున్నారు. వెంట పిల్లలూ పోతే వాళ్ల చదువు పోతుంది, బడీ మూతపడుతుంది. అందుకే ఒక్కో బిడ్డకూ పదేళ్ల తర్వాతి కథ అల్లింది. ఇవాళ ఆదివారం ఆరాధన అయ్యాక బొమ్మలు చూపి, కథలు చెప్పి, పిల్లల్ని అవ్వతాతల దగ్గర ఉంచి పొమ్మని తల్లిదండ్రుల్ని ఒప్పించాలి. ఆ బొమ్మల కోసమే వారం రోజులు దుకాణానికి తిరిగింది. ఒక్కరోజు పనిని డానీ అంత నేర్పుగా సాగదీశాడు.

"డానీ! ఇంత పని చేస్తావా!" అంది ఫెబీ పళ్లు బిగించి.

వారమంతా "బ్రదర్, బ్రదర్" అంటూ గుండెల్లో గునపాలు దింపిన పిల్ల మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. తిట్లు పడుతున్నా డానీకి లోపల పండగే.

"పది నిమిషాలియ్యండవ్వా," అని ఫ్లెక్సీ తిరగేసి కట్టాడు. వెనకంతా తెల్లగా ఉంది. షట్టర్ల మీద పేర్లు రాసే పని కూడా ఉంది కనుక బండి సంచిలో రంగులు ఎప్పుడూ ఉంటాయి. "నువ్వు కథ చెప్పు. నేను వేస్తా."

ఫెబీ గొంతు సవరించుకుంది. "ఇది మన భాగ్యమ్మవ్వ మనవరాలు ఎలీషబా. తెల్లకోటు, స్కూటీ. అవ్వకు బీపీ చూసేదానికి వచ్చింది."

"నాకు బీపీ ఏంది?"

"పదేండ్ల తర్వాత కదవ్వా!"

"అప్పటిదాకా ఉంటానా నేను?"

"ఉన్నావు, చూడు," అని డానీ చకచకా గీశాడు. బుగ్గన ఆకువక్కతో సహా దిగింది.

"ముక్కు అంత లావు పెట్టినావే," అంది భాగ్యమ్మ. అయినా దగ్గరికొచ్చి మురిసిపోయింది.

సన్నగా తుంపర మొదలైంది. ఎవ్వరూ కదల్లేదు. నా కొడుకు నడిపే బస్సుకు ఊరి పేరు రాయమని ఒకరు, మా పాప వేయించిన బోరులో నీళ్లు పడినట్టు వేయమని ఇంకొకరు. ఫెబీ చెబుతోంది, డానీ వేస్తున్నాడు. మధ్యమధ్యలో చూపులు తగిలి కథ దారి తప్పుతోంది.

"అంతా బాగుండాది," అన్నాడు ఎలీషబా నాయన పేతురు. "మరి రేపు నువ్వు పెండ్లయి అత్తగారింటికి పోతావు గదమ్మా? ఆ పొద్దు మా పిల్లల్ని ఎవరు పట్టించుకుంటారు? మా వెంట తీసకపోయేదే మేలు."

నవ్వులు ఆగిపోయాయి. అందరి రేపటినీ అల్లింది గానీ, తన రేపటి గురించి ఫెబీ ఎన్నడూ ఆలోచించలేదు. ఆమె కళ్లలో నీళ్లు చూసి డానీ ఉండబట్టలేకపోయాడు.

"ఆమె ఎక్కడికీ పోదు. నేనే ఇల్లరికం వస్తా."

అన్నాక గానీ ఏమన్నాడో తనకే తెలియలేదు. బ్రష్షులోని పచ్చరంగు చొక్కా మీద కారుతోంది.

ఫెబీ నాయన యేసుదాసు మెల్లగా లేచాడు. "దుకాణం మార్కాపురంలో పెట్టుకొని ఇల్లరికం ఎట్ల వస్తావబ్బాయ్?"

"బండి ఉంది కదా మామా. పొద్దున పోతా, సాయంత్రం వస్తా."

'మామా' అన్న మాటకు ఊరు ఊరంతా గొల్లుమంది. యేసుదాసు కూడా మీసం చాటున నవ్వి, "నాదేముంది? దాన్నే అడుగు," అన్నాడు.

"ముందు నన్నడిగినావా?" అంది ఫెబీ.

"ఇప్పుడు అడుగుతుండా. నువ్వంటే నాకు ప్రాణం ఫెబీ. నీ కథలు విని విని, ఈ ఊళ్లోనే బతకాలని ఆశ పుట్టింది."

ఫెబీ అతనివైపు చూడలేదు. పేతురు వైపు తిరిగింది.

"చిన్నాయనా, నేను ఎక్కడికీ పోను. మన ఊళ్లోనే ఉంటా. ఎలీషబాను ఉంచి పోతావా?"

"ఉంచుతా తల్లీ!" అన్నాడు పేతురు. వెనక నుంచి మరో నాలుగు చేతులు లేచాయి.

"మరి నాకు జవాబు?" అన్నాడు డానీ అయోమయంగా.

"ఎక్కడికీ పోనని ఇప్పుడు చెప్పిందేంది మరి!" అని ఊరంతా ఒక్కసారిగా అరిచింది.