పొడుగామె ఎందుకు తల వంచింది

వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ముసలావిడ ఉన్నట్టుండి చెవుల్లోని ఇయర్‌ఫోన్లు పీకి పళ్లెంలో పడేసింది. ఆవిడకు అక్షరం ముక్క రాదు. అయినా ఈ రెండేళ్లలో ఆవిడ వినని పుస్తకం లేదు. రాజుల చరిత్రలు, ఓడలెక్కి దేశాలు తిరిగినవాళ్ల డైరీలు, జైల్లో కూర్చుని రాసిన ఉత్తరాలు, అన్నీ విని కోడలికి కళ్లకు కట్టినట్టు చెప్పేది.

"ఏంటత్తయ్యా, ఇవాళ ఏ రాజు పోయాడు?" అంది కోడలు, కుట్టుమిషను మీద దిండు గలీబు కుడుతూనే.

"రాజు కాదే. నా స్నేహితురాలి పరువు పోయింది."

ఆ పుస్తకం పాతది, పేరు మోసింది. ఆవిడ పద్దెనిమిదేళ్లు మగ్గం నడిపిన బట్టల మిల్లు చరిత్ర. అప్పటి మేనేజరు రాశాడు. ఆయన కూతురే ఇప్పుడు ముసలావిడ కొడుకు పనిచేసే వినే పుస్తకాల సంస్థకు పెద్ద. పుస్తకం చివర ఆనాటి పనివాళ్ల మాటలు కూడా చేర్చాలని ఆ కూతురే ముచ్చటపడింది. బతికున్నవాళ్లలో మాట తడబడనిది ఈ ముసలావిడకే. రికార్డింగు ఇవాళే, పదకొండింటికి. రికార్డు చేసేది కొడుకే.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ కొడుకు వచ్చాడు. "విన్నావా అమ్మా? బాగా చదివారు కదా?"

"చదవడానికేం, బ్రహ్మాండంగా చదివారు. సమ్మె మూడోనాడు మేమంతా పశ్చాత్తాపంతో నోట మాట రాక గేటు ముందు నిలబడిపోయామట. అందరికంటే ముందు నా స్నేహితురాలు, ఆ పొడుగామె, తల వంచిందట. తరవాత యజమానులే దయతలచి కిటికీలు తెరిపించారట. ఏ కిటికీల్రా? గాలి తగిలితే నూలు తెగుతుందని మేకులు కొట్టేసినవి. ఆ నూలు నుసి పీల్చి పీల్చే కదా అది దగ్గుతూ దగ్గుతూ పోయింది."

"యాభై ఏళ్ల కిందటి సంగతి. ఇప్పుడెవరికి కావాలి? రెండు మంచి మాటలు చెప్పి వచ్చేద్దాం."

"మంచి మాటలు నీ పెళ్లిలో బోలెడు చెప్పాను. ఇవాళ చూసింది చెప్తాను."

"మేడమ్ ముందే వాళ్ల నాన్నది తప్పంటావా? రేపు నేను ఆ గుమ్మం ఎలా తొక్కను? ఆయనది పుస్తకమమ్మా. నీకు సంతకమే రాదు. ఎవరి మాట నమ్ముతారు?"

కుట్టుమిషను ఆగిపోయింది.

"ఆ సంతకం రాని చెయ్యే మిమ్మల్ని చదివించింది," అంది కోడలు నెమ్మదిగా. "చొక్కా బాగుంది గానీ, పై గుండీ తప్పు పెట్టుకున్నారు."

కొడుకు గుండీ సరిచేసుకున్నాడు. ముసలావిడ వాడి వైపే చూస్తూ, గొంతు రాకుండా, ఉట్టి పెదవులతో ఏదో అంది. వాడి చిన్నప్పుడు, రాత్రి పని చేసొచ్చి తండ్రి పగలు నిద్రపోతుంటే, తల్లీకొడుకులు అలాగే కబుర్లాడుకునేవాళ్లు. ఇప్పుడు వాడు చూడనట్టే చెప్పులేసుకున్నాడు.

రికార్డింగు గది అగ్గిపెట్టంత ఉంది. ఇవతల ముసలావిడ, మైకు. మందపాటి అద్దానికి అవతల కొడుకు, వాడి పక్కన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మేడమ్. ఎర్రదీపం వెలిగింది.

"మీ నాన్నగారిని అబద్ధాలకోరు అననమ్మా," అని మొదలుపెట్టింది ముసలావిడ. పొద్దున్న అబద్ధాలకోరనే అందామనుకుంది గానీ, ఆ అద్దాన్ని చూశాక మాట మారింది. "ఆయన పైగదిలో, మూసిన కిటికీ వెనక నుంచి చూశారు. చూసింది రాశారు. నేను కింద నిలబడ్డాను. కిందిది నేను చెప్తాను.

రెండొందల మగ్గాలు ఆడుతుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకని మేం పెదవులతో మాట్లాడుకునేవాళ్లం. పెళ్లిళ్లు, పురుళ్లు, మేస్త్రీ మీద జోకులు, అన్నీ అలాగే. ఆ రోజు గేటు ముందు మేం నోరు పడిపోయి నిల్చోలేదు. గంటసేపు మాట్లాడుకున్నాం, మేస్త్రీలు వినకుండా. పొడుగామె తల వంచింది నిజమే. తాటిచెట్టంత మనిషి. వంగితే తప్ప మా పొట్టివాళ్లకు దాని పెదవులు కనపడవు."

అద్దం అవతల మేడమ్ ముఖం పాలిపోయింది. హెడ్‌ఫోన్లు తీసి లేచి, కొడుకు భుజం తట్టి ఏదో అంది. ఇవతలికి చప్పుడు రాలేదు. రాకపోతేనేం, పద్దెనిమిదేళ్లు పెదవులు చదివిన మనిషి. 'ఆపెయ్యండి' అంది మేడమ్.

ముసలావిడ నోరు మూయలేదు, కుర్చీ దిగలేదు. కొడుకు చేతి వైపు చూసింది. వాడి వేలు మీట మీద ఉంది.

వాడు చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. అద్దానికి అడ్డంగా ఉన్న కంప్యూటరు తెర పక్కకు తల బాగా వంచి, తల్లికి కనపడేలా, గొంతు లేకుండా పెదవులు కదిపాడు. 'చెప్పమ్మా. నేను ఆపను.' పొద్దున్న ఆవిడ అడిగింది అదే: 'నువ్వు ఆపవు కదూ?'

ఆవిడ కళ్లు నిండిపోయాయి. తుడుచుకోలేదు, తుడుచుకుంటే వాడి పెదవులు కనపడవని. అవతల మేడమ్ వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసి, మెల్లగా కూర్చుంది. హెడ్‌ఫోన్లు మళ్లీ చెవులకు పెట్టుకుంది.

"అది ఏం చెప్పిందంటే," అంది ముసలావిడ మైకుకు దగ్గరగా జరిగి, "'లోపలికి పోదాం. ఎవరి మగ్గం ముందు వాళ్లం నిలబడదాం. కిటికీలు తెరిచేదాకా ఒక్క మగ్గం ఆడించొద్దు' అంది. నిలబడ్డాం. మధ్యాహ్నానికి మేకులు పీకారు. తెరిపించింది మేమేనమ్మా. మొదటి గాలి పొడుగామె జుట్టుకు తగిలింది. నేను చూశాను."