చివరి గది కేసు ఇంకా మూతపడలేదు

ఆ వృద్ధుల కేంద్రంలో మేడమీద చివరి గదికి మంచి పేరు లేదు. పగటిపూట చీపురు పట్టుకెళ్లినవాళ్లు కూడా గుమ్మందాకా ఊడ్చి, లోపలిది గాలికి వదిలేసి వచ్చేవాళ్లు. ఆ మంచమెక్కినవాళ్లు తొందరగా పోతారని ఒక మాట. చివరగా పోయిన మాస్టారు ఇంకా పూర్తిగా పోలేదని మరో మాట.

నేను ఇలాంటివి నమ్మను. అంటే, వెలుతురుండగా నమ్మను. చీకట్లో మేకుకి తగిలించిన నా చొక్కానే ఓసారి "ఎవరండీ?" అని మర్యాదగా పలకరించినవాణ్ణి. అందుకే నా ధైర్యం జోలికి పోకుండా, ఆ గదిలో పాట్లు పడ్డవాడు చెప్పింది విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ఆ పడ్డవాడు కంప్యూటరు మనిషి. కేంద్రంలో కొత్త సాఫ్ట్‌వేరు నేర్పడానికి వచ్చాడు. ఎవరేమడిగినా "ఇక్కడ నొక్కండి" అంటాడు కనుక ఆయాలంతా అతనికి "నొక్కండి సారు" అని పేరు పెట్టారు.

అప్పటిదాకా మంచాన పడ్డ మనిషి గురించి ఆస్పత్రి ఒకటి రాసుకునేది, వ్యాయామం చేయించేవాళ్లు ఇంకొకటి, సామాన్లు పంపే డిపో వేరొకటి, కేంద్రం మరొకటి. ఎవరి రాత వాళ్లది. ఇప్పుడు అందరికీ కలిపి ఒకటే సాఫ్ట్‌వేరు, మనిషికి ఒకటే కేసు. ఎవరేం చేసినా అందులోనే రాయాలి, అది అందరికీ కనబడాలి. దానికోసం ప్రతి గది గుమ్మం పక్కన గోడకి ఒక తెర బిగించారు.

నెల తిరక్కుండానే ఆ తెరమీద మాస్టారు బతికారు.

"నీళ్లు తాగించాను. ఎడమ పక్కకు తిప్పాను."

చివరి గది తెర నుంచి... అర్ధరాత్రి దాటాక. మర్నాడు మళ్లీ. ఆ మర్నాడు మళ్లీ.

మాస్టారు పోయాక అన్ని ఆఫీసులూ ఆయన కేసు మూసేశాయి గానీ, ఒకచోట ఎవరో సెలవులో ఉండి మూయలేదు. అందరూ మూస్తే తప్ప కేసు మూతపడదు. ఆయనకి నీళ్లు దిగుతున్నాయని చూసి వ్యాయామం వాళ్లు ఉత్సాహపడి, "మెల్లగా నడిపించి చూద్దామా?" అని కూడా రాశారు.

నవ్వుకుని వదిలేసేవాళ్లే. కానీ ఆ రాతల కింద రాత్రి డ్యూటీ అక్క పేరుంది.

అక్క పనిలోకి రాగానే, ఇంకా వెలుతురుండగానే, మేడమీది తెరలన్నీ తన పేరుతో తెరిచిపెట్టేసేది. చివరిది కూడా. తెల్లారేదాకా అవి అలాగే ఉండేవి. చేతులకి తొడుగులు, తొడుగులకి తడి... గదిగదికీ పాస్‌వర్డు కొడుతూ కూర్చుంటే ముసలివాళ్లని ఎవరు చూస్తారు? రాత్రి పనిచేసే వాళ్లందరిదీ అదే పద్ధతి.

సూపరింటెండెంటుగారికి ఆ పద్ధతితో పనిలేదు. ఆవిడ అక్కని పిలిచి అడిగింది.

"మనిషే లేని గదిలో నీళ్లు తాగించానని రాశావు. ఉన్నవాళ్లకి తాగించావని ఎలా నమ్మమంటావు?"

"అది నేను రాయలేదమ్మా."

"మరి మాస్టారు రాసుకున్నారా?"

రేపు పొద్దున్నకి ఏ సంగతీ తేలకపోతే పనిలోంచి తీసేస్తానంది. పైగా దొంగరాతలు రాసిందన్న మాట కూడా అన్ని ఆఫీసులకీ కనబడుతుంది. ఇక ఈ పనికి ఏ గుమ్మమూ ఎక్కనివ్వరు. అక్కకి ఇంటిదగ్గర మంచాన పడ్డ మొగుడున్నాడు. అతని మందులూ, ఇద్దరి తిండీ ఆ జీతంలోంచే.

"సారూ, అందులోకి దూరి ఎవరు రాశారో చూడలేరా?" అని అక్క మెట్ల దగ్గర అడిగింది.

"చూశానక్కా. నువ్వే రాశావంటోంది."

"అయితే అది కూడా మేడంగారి పక్షమేనన్నమాట."

ఆ మాటకి నొక్కండి సారు మొహం మాడిపోయింది. తను తెచ్చిపెట్టిన తెర ఒకరి నోటిదగ్గర కూడు తీసేస్తోంది. "ఈ రాత్రి ఆ గదిలో నేనే కాపలా ఉంటాను" అనేశాడు.

"మీకు ధైర్యం ఎక్కువే."

"ధైర్యం కాదక్కా, తొందరపాటు."

రాత్రయింది. మేడమీద దగ్గులు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. గదిలో కుర్చీ లేదు. ఇనప మంచం, పరుపు, ఒక దుప్పటి... అంతే. దీపం ఉంటే వచ్చేది రాదేమోనని ఆర్పేశాడు. కాళ్లు వణుకుతుంటే మంచంమీద కూర్చున్నాడు. నడుము వణుకుతుంటే పడుకున్నాడు. తర్వాత దుప్పటి ముక్కుదాకా లాక్కున్నాడు — నిఘా కోసమేనట.

ఎంతసేపు గడిచిందో తెలీదు...

చర్ర్... చర్ర్...

నడవాలో ఏదో నేలమీద ఈడ్చుకుంటూ వస్తోంది. ఒక గది ముందు ఆగింది. మళ్లీ కదిలింది. ఇంకో గది ముందు ఆగింది. ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి, వింటున్నట్టు... వెతుకుతున్నట్టు...

ఈ గుమ్మం ముందూ ఆగింది.

ఇక కదల్లేదు.

తలుపు పిడి మెల్లగా తిరిగింది. అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

చల్లటి చెయ్యి ఒకటి దుప్పటి కిందకి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

లాగలేదు, నొక్కలేదు. పట్టుకుని — అలా ఉండిపోయింది.

"ఎవరూ రాలేదు కదూ... ఈ గదికి..." చెవి పక్కనే గుసగుస. "నేనున్నానుగా."

ఆ చెయ్యి మెడ కిందకి వెళ్లి తల పైకెత్తింది. పెదాలకి గాజు అంచు తగిలింది. అతను పళ్లు బిగించాడు. నీళ్లు గడ్డంమీంచి, మెడమీంచి పక్కలోకి కారాయి. తర్వాత ఒక అరచెయ్యి భుజంమీదా, ఒకటి తుంటిమీదా పడ్డాయి... అతన్ని మూట దొర్లించినట్టు ఒక్క ఊపులో ఎడమ పక్కకి తిప్పేశాయి.

"నిన్న ఇంత బరువు లేరే..."

అరచెయ్యి పక్కంతా తడిమింది. ఒకచోట ఆగింది.

"ఊఁ."

చర్ర్... చర్ర్... అడుగులు వెనక్కి మళ్లాయి. గుమ్మం పక్కన తెర వెలిగింది. టిక్... టిక్... టిక్... దెయ్యం రాస్తోంది.

అక్క మొగుడి మందులు గుర్తొచ్చాయో, ఆ గదిలో ఒంటరిగా ఉండలేకపోయాడో గానీ, అతను దుప్పటితో సహా మంచం దిగి, గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి తొంగిచూశాడు.

తెర వెలుగులో వంగిన వీపు, తెల్లటి సన్న జడ. మెడదాకా గుండీలు పెట్టుకున్న చొక్కా. చేతిలో ఖాళీ గ్లాసు.

అక్క అప్పటికే నడవా మధ్యలో కొయ్యబారి నిలబడి ఉంది.

"పెద్ద సిస్టరు, సారూ..." అంది. "పక్క గది ఆవిడ."

ఒకప్పుడు పెద్ద ఆస్పత్రిలో నర్సు. ఇప్పుడు పగలు చెంచా ఇస్తే అదేమిటో తెలీదు, అన్నం ఎవరో తినిపించాలి. నోటమాట వచ్చి చాలాకాలమైంది. కానీ ఆయాలు తెరలమీద ఎలా నొక్కుతున్నారో రోజంతా కుర్చీలోంచి చూస్తూ ఉంటుంది.

ఆవిడ తిరిగి అక్కని చూసింది. ఆ చూపు పగటి చూపు కాదు.

"రౌండులో ఒక గది వదిలేస్తున్నారు. రేపు మాట్లాడదాం" అని తన గదిలోకి వెళ్లి పడుకుంది.

పొద్దున్న సూపరింటెండెంటుగారికి జరిగిందంతా చెప్పాడు — తను మంచంమీద పడుకున్న సంగతి తప్ప.

"చెంచా పట్టుకోలేని మనిషి రాస్తుందా? ఈమెమీద జాలిపడి చెబుతున్నారు" అని ఆవిడ రాత్రి రాత తెరిచి పైకి చదివింది. "'మగ పేషెంటు. నాడి చాలా వేగం. భయపడుతున్నాడు. నీళ్లు తాగలేదు. పక్క తడిపాడు.' ఎవరీ పేషెంటు? ఇదీ కల్పనేనా?"

అక్క తల వంచుకుంది. ఎవరో తనకి తెలుసు. పని పోయేలా ఉన్నా చెప్పలేదు.

నొక్కండి సారు తలుపు వంక చూశాడు. పారిపోవడానికి దారి ఉంది. అక్క వంక చూశాడు.

"నేనేనండి."

"నాడి?"

"నాదే."

"పక్క?"

"అవి గ్లాసులో నీళ్లండి..." అని చొక్కా అంచు కిందకి లాక్కుని, "చాలావరకు."

సూపరింటెండెంటుగారు కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "నిన్ను అనరాని మాటన్నాను, మనసులో పెట్టుకోకు. సాయంత్రం డ్యూటీకి వచ్చెయ్" అంది అక్కతో.

"ఆ రాత కాస్త చెరిపేద్దామండీ" అన్నాడతను.

"ఎక్కడ నొక్కాలి?"

అతని వేలు తెరదాకా వెళ్లి ఆగిపోయింది. చెరిపే మీట పెట్టొద్దని పట్టుబట్టింది తనే.

ఇంతలో తెర టింగుమంది. సామాన్ల డిపో వాళ్లు అప్పుడే కేసు చూసి జవాబిచ్చారు: "చివరి గది పేషెంటుకు డైపర్లు పంపుతున్నాం. సైజు తెలపగలరు."

అక్క అతన్ని కింద నుంచి పైకి ఒకసారి కొలిచింది.

"మీడియం రాయండమ్మా" అంది.