గడియలు తీసిన ఇల్లు

ఆ ఉదయం వడ్రంగి మొహమైనా కడుక్కోకుండా స్నానాలగది తలుపు ముందు కూర్చుని లోపలి గడియ ఊడదీస్తున్నాడు. కూతురి గది గడియ రాత్రే తీసేశాడు. ఊరందరి తలుపులకూ గడియలు బిగించిన చెయ్యి, సొంత ఇంట్లో వాటిని విప్పుతోంది.

"తుప్పు పట్టిందని చెప్దాం," అంది భార్య గుసగుసగా.

"వడ్రంగి ఇంట్లోనా? నమ్మినట్టే."

పోయిన ఏడాది కూతురు పాడిన పాట మోగని చోటు లేదు. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, సబ్బు ప్రకటనల్లో అదే. నెత్తిన పెట్టుకున్న జనానికే మొహం మొత్తింది. అక్కడితో ఆగితే జనం ఎందుకవుతారు? ఆమె గొంతును మేక అరుపుతో కలిపి వీడియోలు చేసి నవ్వుకున్నారు. పాట రాసినవాడు ఇంకోటి రాసుకున్నాడు. బాణీ కట్టినవాడు నాకూ నచ్చలేదని తప్పుకున్నాడు. గొంతు ఎక్కడికి పోతుంది? గుర్తుపడతారని కూరగాయల కొట్లో ఆ పిల్ల నోరు విప్పకుండా వేలితో చూపించి కొనేది. తర్వాత ఇంట్లోనూ మాట మానేసింది. నిన్న గడియ వేసుకుని, ఎంత పిలిచినా పలకలేదు. చివరికి తలుపు తీసింది గానీ, తండ్రి గుండె అప్పట్నుంచీ కుదురుగా లేదు.

తువ్వాలుతో వచ్చిన కూతురు తలుపుకున్న ఖాళీ రంధ్రాలు చూసింది.

"గడియేది నాన్నా?"

ఎన్నాళ్ళకో వినబడ్డ మాట. సంతోషించే ధైర్యం కూడా లేదతనికి. "తుప్పమ్మా."

"నా గదిదీ తుప్పేనా? నేనేం చేసుకుంటానని మీ భయం?"

వడ్రంగి ఊడదీసిన గడియను గుప్పిట్లో దాచుకున్నాడు.

"రేడియో బీరువాలో దాచేశారు. అమ్మ కూనిరాగం మానేసింది. మీకూ నా గొంతంటే రోత పుట్టిందనుకున్నా. అందుకే పలకలేదు. పలికితే మళ్ళీ అదే గొంతు కదా."

"రోతేమిటే పిచ్చిదానా," అంది తల్లి. "నీకు గుర్తు చేయకూడదని నోరు కట్టుకున్నా. గిన్నెలు తోముతుంటే ఆ పాటే తన్నుకొస్తుంది. పళ్ళు బిగబట్టి ఆపుకుంటున్నా."

"అంత చెత్త పాటనా?"

"చెత్తే," అన్నాడు వడ్రంగి. "నాకు మొదట్నుంచీ నచ్చలేదు. నువ్వు పాడావని విన్నా."

కూతురు తలుపుకున్న రంధ్రంలో వేలు పెట్టి చూసింది. "గడియ పెట్టు నాన్నా. మీరిట్లా భయపడుతుంటే నాకే నా మీద భయమేస్తోంది."

ఒక్కో మరమేకూ బిగిస్తుంటే తన కూతుర్ని తనే ఎక్కడో వదిలేసి వస్తున్నట్టుంది అతనికి. ఆమె లోపలికెళ్ళి గడియ వేసుకుంది. నీళ్ళ చప్పుడు వినబడింది. ఆగిపోయింది. వడ్రంగి చెయ్యి తలుపు మీదికి పోతుంటే భార్య మణికట్టు పట్టుకుంది.

"నాన్నా, అక్కడే ఉన్నావా?"

"లేనమ్మా."

లోపల నవ్వో ఏడుపో తెలియని చప్పుడు. "లేనివాడివి పలుకుతావా? పనికెళ్ళు. సాయంత్రం మాట్లాడుకుందాం."

వడ్రంగి లేచాడు. చెప్పుల్లో ఏది ఏ కాలిదో కనబడటం లేదు.

"సాయంత్రం అంది," అన్నాడు భార్యతో. "విన్నావా? సాయంత్రం అంది."