మలుపు దాకా తోయాల్సిన బండి

మా స్టాండులో ఎనిమిది కిరాయి మోటారు సైకిలు బళ్లు ఉంటాయి. వాన పడితే అందరం సీసాల్లో పెట్రోలు అమ్మే కొట్టు చూరు కింద నిలబడతాం. నేను చివర్లో ఉంటాను. ఎవరన్నా వస్తే మిగతావాళ్లు చెయ్యూపి పిలుస్తారు. నాకు నోరు లేవదు. చిన్నప్పట్నుంచీ అంతే. అందుకే అందరూ వద్దన్న బేరం నాకొస్తుంది. పందిపిల్లలు, చేపల ఐసు డబ్బాలు, కల్లు తాగి తూలేవాళ్లు.

"పిడ్యోగాడు పెళ్లికి కూడా వరసలో ఆఖర్నే నిలబడతాడు," అంటాడు బెబోట్ అన్న. "వాడి వంతు వచ్చేసరికి పెళ్లికూతురికి మనవలుంటారు."

అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఓసాంగ్ మామ్మ ఆస్పత్రి వైపు నుంచి నడుచుకుంటూ వచ్చింది. చేతిలో మగవాళ్ల రబ్బరు చెప్పులున్నాయి. ఆమె మొగుడు కులాస్ తాత కల్లు గీస్తాడు. ముందురోజు కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. గంట కిందట పోయాడంట.

"ఇంటికి తీసుకెళ్లాలి," అంది. "వ్యాను వాడు రానంటున్నాడు."

ఎలా వస్తాడు? తుఫానుకి వంతెన కొట్టుకుపోయింది. దాని చోట నాలుగు కొబ్బరి మొద్దులు పరిచారు. బళ్లు తప్ప ఏదీ దాటదు. సముద్రం వైపు ఊళ్లన్నిటికీ అదొక్కటే దారి. చచ్చినోళ్లని కూడా బళ్ల మీదే తేవాలి, మధ్యలో కూర్చోబెట్టుకుని.

అందరూ తల దించుకుని టైర్లు చూసుకున్నారు. ఒకడికి చైను వదులంట. ఇంకొకడి పెళ్లాం నీళ్లోసుకుందంట. మామ్మ ఒక్కొక్కర్నీ చూసుకుంటూ చివరికొచ్చింది. చివర్న నేనున్నాను.

లేదనడానికి కూడా నోరుండాలి కదా.

బెబోట్ అన్నే సాయం వచ్చాడు. తాతని ఎత్తి నా వెనకాల కూర్చోబెట్టి, దుప్పటితో నా నడుముకి కట్టాడు. చెప్పులు తొడిగాడు. చేతులు నా భుజాల మీంచి ముందుకేశాడు. తర్వాత నా చెవి దగ్గర మెల్లగా చెప్పాడు.

"తెలుసుగా? శవాన్ని దించాక తాత దిగాడనుకోకు. ఇంజను ఆపెయ్యి. బండి మీద ఎవరూ ఉండకూడదు, నువ్వు కూడా. మలుపు దాకా తోసుకుంటూ పో. అక్కడ చెప్పు, ప్రయాణం అయిపోయింది, దిగు తాతా అని. ఆ తర్వాతే ఎక్కు."

"మర్చిపోను అన్నా."

"నువ్వు మర్చిపోవురా. గట్టిగా చెప్పవు. అదే నా భయం."

దారంతా మామ్మ వెనకాల కూర్చుని మొగుణ్ణి తిడతానే ఉంది. "నిటారుగా కూర్చో. కుర్రాడి మీద పడకు. బతికున్నన్నాళ్లూ ఇంతే, ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్ర." వంతెన దగ్గర మాత్రం గొంతు మార్చి, "కులాస్, నీళ్లు దాటుతున్నాం, మాతోనే రా," అంది. తాత చెంప నా మెడకి ఆనుకుని ఉంది. కల్లు వాసన వస్తోంది. పుల్లగా. నాకు భయం వెయ్యలేదు. జాలేసింది.

వాళ్లిల్లు రోడ్డు మీంచి లోపలికి, కొబ్బరితోటలో ఉంది. ముడి విప్పి తాతని లోపలికి మోసుకెళ్లారు. నేను ఇంజను ఆపి హ్యాండిలు పట్టుకున్నాను. అప్పుడే ఫోను మోగింది.

సిద్రా మామ్మ. మంత్రసాని.

"ఒరేయ్, ఎక్కడున్నావ్? మీ అక్కకి రక్తం ఆగట్లేదు. నా వల్ల కాదు. ఆస్పత్రికి తీసుకుపోవాలి. రా."

మా అక్క లిసాయ్ నన్ను పెంచింది. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్లు, తనకి పదకొండు. ఎండుచేపల గంప నెత్తిన, నేను చంకన. అక్కకి ఇప్పటికి రెండు కాన్పులు నిలబడలేదు. ఇది మూడోది. బావ దాంతే పెద్ద చేపల వేటకెళ్లి అప్పటికి పది రోజులు.

మలుపు దూరంగా కనిపిస్తోంది. వానలో తోసుకుంటూ పోతే పది నిమిషాలు. దించుతానులే, తర్వాత దించుతాను అనుకున్నాను. తన్ని స్టార్టు చేశాను. ఎక్కి కూర్చున్నాను.

మలుపు దగ్గర నోటికొచ్చింది కూడా. "తాతా..." అన్నాను. బండి ఆపలేదు. గాలికి అది నాకే వినపడలేదు.

అక్క గుమ్మంలో గోడకి జారగిలబడి ఉంది. మొహం పిండి పూసినట్టుంది. కింద రెండు పాత గుడ్డలు తడిసిపోయాయి. నన్ను చూసి నవ్వబోయింది.

"అన్నం తిన్నావా?" అంది.

"నోరుముయ్యవే తల్లీ," అంది సిద్రా మామ్మ. "ఎక్కించరా."

నా వెనకాల అక్క. దాని వెనకాల మామ్మ. టైము అయిదు కూడా కాలేదు, ఈశాన్యం గాలికి ఆకాశం మసి పట్టిన కుండలా అయిపోయింది. ఎడం వైపు సముద్రం. కనపడదు, అరుస్తూ ఉంటుంది. లైటు వెలుగులో వానే తప్ప రోడ్డు లేదు. తడి మట్టి వాసన, పాచి వాసన. అక్క రక్తం వాసన.

ఇంకో వాసన కూడా ఉంది. నా చొక్కాదేమో అనుకున్నాను.

బండి బరువుగా ఉంది. బండి తోలేవాడికి వెనకాల ఎవరెంత బరువో నడుముకి తెలుస్తుంది. అక్క తేలిక. మామ్మ ఎముకలమూట. స్ప్రింగులు మాత్రం అడుగంటిపోయాయి. ప్రతి గుంటలోనూ మడ్‌గార్డు టైరుకి రాసుకుంటోంది.

"మామ్మని చేతులు తియ్యమనరా," అంది అక్క నా వీపులోకి. "చల్లగా ఉన్నాయి."

"మామ్మా, అక్కని..."

"నేను పట్టుకోలేదురా. వెనక కమ్మీ పట్టుకున్నాను. రెండు చేతుల్తో."

నేను యాక్సిలరేటరు ఇంకాస్త తిప్పాను.

కాసేపటికి అక్క ఏదో గొణిగింది. నాతో కాదు. పక్కవాళ్లకి బదులిచ్చినట్టు. "తెలీదు... మా తమ్ముణ్ణి అడుగుతాను."

"ఏంటక్కా?"

"ఈయన అడుగుతున్నాడురా. ఎక్కడ దిగాలి అని."

మెడ మీద... ఆ చోటే... చల్లగా ఆనింది. పుల్లటి కల్లు వాసన.

"తాతా," అన్నాను. "దిగు. ప్రయాణం అయిపోయింది. దండం పెడతాను. దిగు."

బండి తేలికపడలేదు. ఇంకా కుంగింది. ఎలా దిగుతాడు? బండి నడుస్తూనే ఉంది. సీటు మీద మనుషులున్నారు. నేనే ఎక్కి కూర్చున్నాను.

వంతెన దగ్గరికొచ్చేసరికి ఇంజను మూలుగుతోంది. వాగు మొద్దుల్ని తాకుతూ పారుతోంది. ముందు చక్రం మొద్దు ఎక్కింది. వెనకది ఎక్కలేదు. గేరు మార్చాను. బురద ఎగిరింది. మళ్లీ. మళ్లీ. వెనక్కి జారుతున్నాం. సైలెన్సరు బురదలో మునిగిపోతోంది.

"దింపెయ్యి," అంది సిద్రా మామ్మ. "ఏం చేశావురా? ఎవర్ని తెచ్చావు?"

చెప్పాను. నేను చెప్పినంతసేపూ మామ్మ అక్క మొహమే చూస్తోంది.

"అయితే ఇప్పుడు దించాలి. మీ అక్కని కింద పడుకోబెట్టి, నువ్వు ఒక్కడివే వంతెన అవతలి మలుపు దాకా తోసుకుపో."

"రక్తం పోతుంది మామ్మా. ఈ వానలో..."

"ఇక్కడే ఉంటే మాత్రం పోదా?"

అక్కని ఎత్తి రోడ్డు పక్కన గడ్డి మీద పెట్టాను. నన్నెత్తుకు తిరిగిన మనిషిని బురదలో పెట్టాను. అక్క నా చెయ్యి వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీసుకున్నాను.

"తొందరగా వస్తావా?"

"వస్తానక్కా."

"బిడ్డ కదలట్లేదురా," అంది. ఎంతో నెమ్మదిగా అంది.

ఇంజను ఆపేశాను. తోశాను. ఖాళీ బండి. ఖాళీ బండి అలా ఉండదు. భుజం పెట్టి తోస్తే అంగుళం కదిలింది. మొద్దుల మీద కాళ్లు జారుతున్నాయి. కింద నీళ్లు. వెనక సీటు కిర్రుమంటోంది, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు. చూడలేదు. ఒట్టు, చూడలేదు. నా చెవి వెనకాల ఊపిరి... పుల్లగా... వచ్చీ, పోయీ...

ఏడుస్తున్నాను. అవతలి ఒడ్డు. రాళ్లు. మలుపు ఇంకా ఇరవై అడుగులు. పది. నా జీవితంలో ఎప్పుడూ అరవలేదు నేను. స్టాండులో ఒక్క బేరాన్ని కేకేసి పిలవలేదు.

అరిచాను.

"ప్రయాణం అయిపోయింది! దిగు తాతా! ఇంటికి పో!"

స్ప్రింగులు పైకి లేచాయి. బండి ఒక్కసారి తేలికైపోయి ముందుకి పడబోయాను. కొబ్బరి మొద్దుల మీద రబ్బరు చెప్పుల చప్పుడు. టప్... టప్... తోట వైపు వెళ్లిపోయింది. తొందరేమీ లేదు ఆ నడకకి.

బండి అక్కడే పడేసి వెనక్కి పరుగెత్తాను.

అక్క ఒక్కతే ఉంది. మామ్మ అవతల పొదల్లోంచి పెద్ద చేమాకు ఒకటి కోసుకుని అప్పుడే వస్తోంది. "కప్పుదామని పోయాను," అంది రొప్పుతూ. "కత్తి లేదు, కాడ తెగలేదు."

నేను వంగి అక్కని ఎత్తుకున్నాను. బట్టలు తడిసి ముద్దయ్యాయి. జుట్టు మాత్రం పొడిగా ఉంది. మొహం కూడా. కుండపోత వాన. దాని నుదురు మీద చుక్క లేదు. నాకప్పుడు ఆలోచించే టైము లేదు.

మొద్దులు దాటించి ఎక్కించాను. బండి ఈసారి గాలిలా పోయింది. ఆస్పత్రి మెట్ల మీద అక్క కళ్లు మూసింది. లోపలికి తీసుకుపోయారు. నేను వరండాలో నీళ్లు కారుతూ నిలబడ్డాను. కాళ్ల కింద నీళ్లు ఎర్రగా ఉన్నాయి. దేవుడా, ఇద్దర్లో ఒకర్నన్నా, అన్నాను. తర్వాత సిగ్గేసింది. ఇద్దర్నీ అన్నాను.

ఇద్దరూ బతికారు.

మగపిల్లాడు. నీలంగా పుట్టాడంట. చాలాసేపు ఏడవలేదంట. డాక్టరమ్మ గుడ్డలో చుట్టి పక్కన పెట్టేద్దామనుకునేసరికి, ఎవరో గిల్లినట్టు కెవ్వుమన్నాడంట.

కులాస్ తాత తొమ్మిది రోజుల ప్రార్థనలకి వెళ్లాను. ఓసాంగ్ మామ్మ నా చేతిలో వేడి కాఫీ పెట్టింది. "మీ తాత ఇంటికొచ్చాడురా," అంది మామూలుగా. "ఆ రోజు సాయంత్రమే. గుమ్మంలో చెప్పుల చప్పుడైంది." నా గుండె మీంచి బండరాయి దిగినట్టయింది. ఇంక అయిపోయింది అనుకున్నాను.

నెలన్నర అయ్యాక అక్క ఒక రోజు అడిగింది. పిల్లాడికి పాలిస్తోంది. నేను చైనుకి నూనె రాస్తున్నాను.

"నువ్వు బండి తోసుకుపోయాక నా తల ఒళ్లో పెట్టుకుంది ఎవర్రా?"

"సిద్రా మామ్మే."

"మామ్మ ఆకు కోసం పోయింది కదా."

కులాస్ తాతేమో అనబోయాను. కాదు. తాత నాతో ఉన్నాడు. సీటు మీద. ఆ బరువు నేనే తోశాను.

"చూడొద్దు అన్నాడు. నా కళ్ల మీద చెయ్యి పెట్టాడు," అంది అక్క. "వాన పడకుండా నా మీదకి వంగి కూర్చున్నాడు. మనుషులు అంత పెద్దగా ఉండరు. బిడ్డ పోయాడని నాకు తెలిసిపోయిందిరా. అప్పుడడిగాడు. నేను లేపితే, పేరు నన్ను పెట్టనిస్తావా అని."

"నువ్వేమన్నావు?"

"పెట్టుకో అన్నాను. ఇంకేమంటాను?"

ఏం పేరని అడిగాను. తల అడ్డంగా ఊపింది. అప్పట్నుంచి గమనించాను. అక్క వాణ్ణి అందరి ముందూ నాన్నా, చిట్టీ అంటుంది. ఎవరూ లేరనుకున్నప్పుడు పెదాలు మాత్రం కదుపుతుంది, గొంతు రాకుండా. నిద్రలో ఉన్నా వాడు అటు తిరుగుతాడు.

మొన్న ఆదివారం జ్ఞానస్నానం. బావ వేటనుంచి వచ్చాడు, కొత్త చొక్కా వేసుకున్నాడు. బెబోట్ అన్న జ్ఞానతండ్రి. "మేనమామలా నోరులేనోడు కాకూడదు, నీళ్లు పడగానే కప్పు ఎగిరేలా ఏడవాలి," అని అందర్నీ నవ్విస్తున్నాడు. ఫాదర్ గిన్నెలో జ్ఞానస్నానం నీళ్లు తీసుకుని, బిడ్డ పేరేంటమ్మా అన్నాడు.

బావ ఏదో చెప్పబోయాడు. అక్క ఆపింది. "మాటిచ్చాను ఫాదర్," అంది. ముందుకెళ్లి, ఫాదర్ చెవి దగ్గరికి వంగి, మెల్లగా చెప్పింది.

ఆయన గబుక్కున వెనక్కి జరిగి సిలువ గుర్తు వేసుకున్నాడు.

తర్వాత గిన్నె ఎత్తాడు. బిడ్డ తల మీద పొయ్యలేదు. ఆ నీళ్లతో తన చెవి కడుక్కున్నాడు... ఒకసారి... మళ్లీ ఇంకోసారి... గిన్నె ఖాళీ అయ్యేదాకా కడుక్కుంటూనే ఉన్నాడు.