సోమవారం ఎనిమిదింటి క్లాసు

"ముప్పై ఒక్క మంది!"

తడిసిన గొడుగును తలుపు పక్కన విసిరినంత పని చేసి, ఆమె చేతిలోని పేర్ల కాగితాన్ని లెక్కల లెక్చరర్ టేబుల్ మీద పెట్టింది. బయట వాన దంచికొడుతోంది. ఆయన మాత్రం నింపాదిగా పేపర్లు దిద్దుకుంటున్నాడు.

"ఏంటండీ ఇది?" అన్నాడు తలెత్తకుండానే.

"మీ సోమవారం ఎనిమిదింటి క్లాసుకి రావడం మానేసినవాళ్ళు. ఫస్టియర్‌లో చదువు ఆపేస్తామంటున్నవాళ్ళలో సగం మంది మీ దగ్గరి సరుకే!"

ఆమెది స్టూడెంట్ సపోర్ట్ ఆఫీసులో ఉద్యోగం. చేరినవాళ్ళు మధ్యలో చదువు మానేయకుండా చూడడం ఆమె పని. ఆ యూనివర్సిటీలో పద్దెనిమిదేళ్ళవాళ్ళున్నారు, నలభై దాటినవాళ్ళున్నారు. ఇంట్లో ఒక భాష, బస్సులో ఒక భాష, క్లాసులో మరో భాష మాట్లాడేవాళ్ళున్నారు. ఇన్ని రకాల మనుషులనూ ఒకేలా భయపెట్టగలిగింది ఈ ఒక్క మనిషే. పేపర్ల నిండా సున్నాలు చుడతాడని ఆయనకు ‘సున్నా సార్’ అని పేరు కూడా పెట్టారు.

"నేను చెప్పడంలో లోపముందంటారా?"

"అబ్బే, బ్రహ్మాండంగా చెబుతారు. వినడానికి ఎదురుగా మనుషులుండాలి కదా!"

"రానివాళ్ళను నేనేం చేయను?"

"ఒక్కరికైనా ఫోన్ చేసి అడిగారా?"

"లెక్చరర్ ఫోన్ చేయడమేంటండీ?"

అప్పుడు తలెత్తాడు. ఆ కళ్ళలో వెటకారం లేదు. నిజంగానే అర్థం కాలేదు పాపం. అది చూసి ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

"పదహారు మంది నాకు, పదిహేను మంది మీకు. రేపు మూడింటికి మా ఆఫీసుకి రండి."

వస్తాడనుకోలేదు. ఐదు నిమిషాలు ముందే వచ్చాడు, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని.

మొదటి ఫోన్ ఆయన చేశాడు. "మీరు లెక్కల్లో ఎందుకు ఫెయిలయ్యారు?"

అవతల ఫోన్ పెట్టేశారు.

రెండో ఫోన్ ఒక కుర్రాడి తండ్రి ఎత్తాడు. "మీవాడు మూడు వారాలుగా క్లాసుకి రావడం లేదు, ఎందుకని?" అని అడిగేశాడు లెక్కల సారు. రోజూ పొద్దున్నే కొడుకు బ్యాగు తగిలించుకుని బయల్దేరడమే చూస్తున్న ఆ పెద్దాయన ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"కొంప ముంచారు!" ఆమె ఫోన్ లాక్కుంది.

"అబద్ధం చెప్పమంటారా?"

"మళ్ళీ చేస్తానని పెట్టేయమంటున్నా!"

ఆ ఇంట్లో గొడవ సర్దడానికి ఆమెకు ముప్పావుగంట పట్టింది. తర్వాత తల పట్టుకుని కూర్చుంది. "బాబూ, మీకో దణ్ణం. ముందు బాగున్నారా అని అడగండి. ఆ తర్వాత నోరు మూసుకుని వినండి. అంతే!"

మూడో నంబరు ఆసుపత్రి లాండ్రీలో రాత్రి షిఫ్టు చేసే ఆవిడది. ముప్పై ఎనిమిదేళ్ళు, ఇద్దరు పిల్లలు. క్లాసులో అందరూ లాండ్రీ అక్క అంటారు. ఈసారి ఆమె ఆయన చేత స్పీకర్ ఆన్ చేయించింది.

"బాగున్నారా?" అన్నాడాయన, హాజరు పిలుస్తున్నట్టు.

"ఎవరూ... సారా? అయ్యో, మీరెందుకు చేశారు సార్! నేనే వచ్చి చెబుదామనుకున్నా. షిఫ్టు ఏడున్నరకి అయిపోతుంది. రెండు బస్సులు మారి వచ్చేసరికి ఎనిమిదీ నలభై. మీరేమో ఎనిమిదీ ఐదుకే తలుపు గడియ పెట్టేస్తారు. నాలుగు సోమవారాలు బయటే నిలబడి, గోడకి ఆనుకుని నోట్సు రాసుకున్నా. మీ గొంతు వినబడుతుంది గానీ, బోర్డు కనబడదు కదా సార్."

ఆయన "ఉంటానమ్మా" అని ఫోన్ పెట్టి, ఆమె వైపు చూడకుండానే లేచి వెళ్ళిపోయాడు.

ఇక ఆమె క్లాసు వేళ మార్పించడానికి నడుం కట్టింది. టైమ్‌టేబుల్ ఆఫీసువాళ్ళు ఒకరోజు గది లేదన్నారు, ఒకరోజు ఫారం తప్పన్నారు, మరో రోజు ఫారమే పోయిందన్నారు. ఆ కోపమంతా రోజు విడిచి రోజు లెక్కల సారు గదికి వెళ్ళి ఆయన మీద చూపించేది. ఆయన ఆమెకు కుర్చీ జరిపి, చెప్పిందంతా విని, "చూద్దామండీ" అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క వచ్చేది కాదు. రాతిమనిషి అని తిట్టుకుంటూ మెట్లు దిగేది. మళ్ళీ ఎల్లుండి తనే వెళ్ళేది. ఎందుకు వెళ్తున్నానా అని ఆలోచించే తీరిక కూడా లేదామెకు.

చదువు మానేస్తామని ఫారాలివ్వడానికి ఆఖరి రోజు సోమవారం. పదకొండున్నరకి, ఫారం ఇచ్చేసిందేమోనని లాండ్రీ అక్కకి ఫోన్ చేసింది.

"క్లాసులో ఉన్నానమ్మా, మళ్ళీ చేస్తా!" అని గుసగుసగా చెప్పి పెట్టేసిందావిడ.

ఈ వేళప్పుడు ఏ క్లాసు?

ఆరా తీస్తే ఆ క్లాసు లైబ్రరీ కింద ఉన్న పాత గదిలో తేలింది. పంతొమ్మిది మంది కూర్చున్నారు. మొదటి వరసలో లాండ్రీ అక్క, వెనక తండ్రికి దొరికిపోయిన కుర్రాడు. బోర్డు దగ్గర సున్నా సార్, చేతులనిండా సుద్దపొడి.

"ఒకసారి ఇలా రండి!"

ఆయన గుమ్మం దాకా వచ్చాడు.

"రెండు వారాలుగా చెప్పులరిగేలా తిరుగుతున్నా! మీరేమో ఇక్కడ పదకొండింటికి అదే పాఠం మళ్ళీ చెబుతున్నారా? నాతో ఒక్క మాట అనాలని తోచలేదా?"

"తోచింది."

"మరి?"

"చెబితే... ఇంక మీరు నా గదికొచ్చి పోట్లాడరేమోనని."

"అంటే? ఆ మాట తిన్నగా చెప్పొచ్చుగా!"

"మీరంటే నాకిష్టం. తిన్నగా చెప్పడం నాకు సరిగ్గా రాదని మీకు తెలుసు కదండీ."

పంతొమ్మిది జతల కళ్ళు వీళ్ళ మీదే ఉన్నాయి.

"మేడమ్," అంది లాండ్రీ అక్క మొహమాటంగా, "ఏదో ఒకటి చెప్పేయండమ్మా. పన్నెండున్నరకి నా బస్సు. లెక్క సగంలో ఆగింది."

"దేవుడా! ఇలాంటివాడే దొరకాలా నాకు!" అంటూ ఆమె నుదురు కొట్టుకుంది. కానీ నవ్వు ఆగలేదు. "ఆదివారం ఇంటికి రండి, మా అమ్మతో మాట్లాడుదురుగాని. ముందు వీళ్ళ లెక్క పూర్తి చేయండి."

వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది.

ఆయన బోర్డు వైపు తిరిగి, రెండు వరసలు రాసి, మూడో వరసలో గుర్తు తప్పు వేశాడు. అలాగే ముందుకు సాగిపోతున్నాడు.

"సార్, అక్కడ మైనస్ రావాలి," అంది లాండ్రీ అక్క.