రెండో పేజీ ఎవరూ చదవరు

మందుల ఫ్యాక్టరీ తనిఖీ అధికారిని పొద్దున తొమ్మిదింటికి లిఫ్ట్‌లో కాల్చి చంపారు. తొమ్మిదిన్నరకి గూఢచారి శాఖ చీఫ్, తన ఏజెంట్ గద్దని పిలిపించాడు.

"సాయంత్రం నాలుగింటికి గుండె ఆపరేషన్ల ఇంజెక్షన్ల లారీ ఫ్యాక్టరీ నుంచి బయల్దేరుతుంది. ఆ మందులో అణువులు రెండు రకాలు, ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మ. ఒకటి గుండెని నిలబెడుతుంది, రెండోది ఆపేస్తుంది. విదేశీ ముఠా రెండోది కలిపిందని అనుమానం. రిపోర్ట్ మాత్రం క్లీన్."

"రిపోర్ట్ ఎవరిచ్చారు?"

"ల్యాబ్ మేనేజర్. ముఠాలో మన మనిషి."

"వాళ్లూ మన దగ్గర తమ మనిషనే అనుకుంటున్నారా?"

చీఫ్ పెన్ను కెమెరా, అతికించుకునే మీసం ఇచ్చి పంపాడు. ఆ రెండింటితో దేశం ఎప్పుడు బాగుపడిందో ఆ డిపార్ట్‌మెంట్‌కే తెలియాలి.

ఏసీ మెకానిక్ వేషంలో గద్ద ల్యాబ్‌లో అడుగుపెట్టేసరికి మూడున్నర. నల్లకళ్లద్దాల మేనేజర్ అతని వంక చూడనైనా చూడకుండా ఫోన్ పట్టుకుని బయటికి పోయింది. మెషిన్ ముందు అందరూ పిన్ని అని పిలిచే టెక్నీషియన్ రిపోర్ట్ కాగితాలు తిరగేస్తోంది.

"మీసం ఊడుతోంది నాయనా," అంది. "పోలీసువైతే వెంటనే చెప్పు. రేపు పొద్దున మా తమ్ముడికి ఎక్కించేది ఈ ఇంజెక్షనే."

గద్ద మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. "గూఢచారిని. ఏం జరిగింది?"

"వెంట్రుకంత సన్నటి గొట్టంలో కరెంటు పెట్టి మందుని పరిగెత్తిస్తాం. ద్రావణంలో సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర పదార్థం ఉంటే అది ఒక రకాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది. రెండూ విడిపోతాయి, గ్రాఫ్‌లో కొండ శిఖరాల్లా రెండు పీక్‌లు వస్తాయి."

"రిపోర్ట్‌లో ఒకటే ఉందిగా. మంచిదేగా?"

"రెండో పేజీ చూడు. మెషిన్‌ని పరీక్షించడానికి రోజూ పొద్దున్నే రెండు రకాలూ సగంసగం కలిపి ట్రేలో పెడతాను. దానికీ ఒకటే పీక్!"

సైక్లోడెక్స్‌ట్రిన్ లేని ద్రావణం పోశారన్నమాట, అందుకే రెండు రకాలూ విడిపోకుండా ఒకటిగా కనిపించాయి. సముద్రాలు దాటొచ్చి, ఒక అధికారిని చంపి, ఇంత పథకం వేసిన మేధావులకి పిన్ని పొద్దుటి అలవాటు సంగతి తెలియలేదు. అసలు రెండో పేజీ ఉంటుందనే తెలియదు.

పిన్ని కొత్త ద్రావణం కలిపి, గొట్టం కడిగి, మందుని మళ్లీ పెట్టింది. ఎనిమిది నిమిషాలు పడుతుంది. మూడు యాభై ఏడుకి తెర మీద మొదటి పీక్ లేచింది. అప్పుడే తలుపు తెరుచుకుంది. మేనేజర్ చేతిలో పిస్టల్.

"కదలకండి," అంటూ ఆమె పరీక్ష ఆపడానికి మెషిన్ మూత మీదకి చెయ్యి చాపింది.

"ముప్పై వేల వోల్టులు, మేడమ్!" అని అరిచింది పిన్ని.

మేనేజర్ ఎగిరి వెనక్కి దూకింది. మూత తెరిస్తే కరెంటు తనంతట తనే ఆగిపోతుందని ఆ ల్యాబ్‌లో ఊడ్చేవాళ్లకి కూడా తెలుసు. ఆరేళ్లుగా సంతకాలు మాత్రమే పెట్టిన మనిషికి తెలియలేదు. గద్ద పిస్టల్ లాక్కునేలోగా రెండో పీక్ కూడా లేచింది. పిన్ని గేటుకి ఫోన్ చేసింది. లారీ ముందు చక్రాలు గేటు దాటాక ఆగాయి.

మర్నాడు గద్దకి పతకం ఇచ్చారు. మేనేజర్ సంతకం లేకుండా ద్రావణం మార్చినందుకు పిన్నికి మెమో ఇచ్చారు. దానికి రెండో పేజీ కూడా ఉంది, పిన్ని పూర్తిగా చదివింది.